ముప్పై ఆరో బొమ్మ

ఆపాగారు పోయిన మూడో రోజున కళాసమితి కార్యదర్శి గారు రాజమండ్రిలో మా ఫ్రేముల షాపుకొచ్చారు. సంతాపసభకి ఆవిడ ఫోటో కావాలి, పన్నెండు పద్దెనిమిది సైజులో, దండ జారిపోకుండా పైన రెండు కొక్కేలు పెట్టి, సాయంత్రానికల్లా ఇమ్మన్నారు. ఆవిడ ఫోటో ఎవరి దగ్గరా లేదండి అన్నాను. ఆయన నమ్మలేదు. ముప్పై ఏళ్లు పైవాళ్లకి ఫోటోలు తీసిన మనిషికి తన ఫోటో ఒక్కటి ఉండదా అన్నారు. పోనీ ఆధార్ కార్డు మీదది పెంచేద్దాం అన్నారు. అది అంగుళం బొమ్మ. అంగుళాన్ని పద్దెనిమిది అంగుళాలకి సాగదీస్తే ముక్కు ఎక్కడ ఆగిందో చెంప ఎక్కడ మొదలైందో తేల్చడానికి ఒక సర్వేయరు కావాలి. పైగా ఆధార్ ఫోటోలో ఎవరైనా సంతాపసభకి సిద్ధమైనట్టే ఉంటారు, మనం కొత్తగా చేసేదేమీ ఉండదు.

చివరికి వేదిక మీద ఒక కెమెరా బొమ్మ పెట్టి దానికి దండ వేశారు. అది ఆవిడ వాడిన కంపెనీ కూడా కాదు. ఆరుగురు మాట్లాడారు. ఆరుగురిలో ఆవిడతో అయిదు నిమిషాలు మాట్లాడినవాళ్లు ఒకటిన్నర మంది. అర ఎవరంటే, ఒకాయన ఫోన్లో మాట్లాడాడట, మధ్యలో లైను కట్టయిందట.

ఆపా అంటే ముస్లిముల్లో అక్క. దానికి మన వైపు అలవాటు ప్రకారం గారు తగిలించి, బజారంతా ఆపాగారు అనేవాళ్లం. అయిదడుగుల ఒక అంగుళం మనిషి. నల్ల బురఖాకి కుడివైపు ఒక జేబు కుట్టించుకున్నారు. అందులో లెన్సు మూత, దుమ్ము తుడిచే మెత్తటి గుడ్డ, నాలుగు యాలక్కాయలు. కెమెరా చేతిలో లేకపోయినా ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు ఎడమ కన్ను కాస్త మూసేవారు. కొత్తవాళ్లు కంగారుపడేవారు. మా ఎదురు షాపు బట్టల ఆసామీ అయితే ఆర్నెల్లు ఇంకోలా అనుకుని రోజూ తల దువ్వుకుని కూర్చున్నాడు.

ఆవిడకీ నాకూ ఉన్న తగాదా పావంగుళం. తన జాన సరిగ్గా ఎనిమిది అంగుళాలని ఆవిడ నమ్మకం. ఇంట్లో కాగితాన్ని జానతో కొలుచుకుని వచ్చి, పదహారు అంగుళాలు తమ్ముడుగారూ, బొమ్మ చుట్టూ వేసే మౌంటు అట్ట కొయ్యండి అనేవారు. నా స్కేలు మీద పదిహేనున్నర వచ్చేది. నేను స్కేలు చూపిస్తే, మీ స్కేలు ఎండకి సాగిందేమో చూసుకోండి అనేవారు. ఉక్కు స్కేలు ఎండకి ఎంత సాగుతుందో నేను లెక్కగట్టి చెప్పాను కూడా. ఆవిడ శ్రద్ధగా విని, అయితే చలికాలంలో వస్తాను అన్నారు. లెక్కలో గెలిచి మాటలో ఓడిపోవడం నాకు ఆవిడ దగ్గరే అలవాటయింది.

వృత్తి ఆడవాళ్ల ఫోటోలు తీయడం. ముస్లిముల పెళ్లిళ్లలో ఆడవాళ్లు కూర్చునే గది వేరు. అక్కడికి మగ ఫోటోగ్రాఫరు వెళ్లడానికి లేదు. అటు కాకినాడ నుంచి ఇటు తణుకు దాకా ఆ గదిలోకి కెమెరాతో అడుగుపెట్టగలిగిన మనిషి దాదాపు ఈవిడొక్కరే. పోటీ లేని పని కదా అనిపిస్తుంది. పోటీ లేకపోవడానికి ఆ పనికున్న నియమమే కారణం. భోజనానికి కూర్చునే ముందు కెమెరాలోంచి కార్డు తీసి పెళ్లికూతురి తల్లి చేతిలో పెట్టాలి. కాపీ ఉంచుకోకూడదు. కార్డు ఆ చేతికి చేరాకే ప్లేటు ఈ చేతికి వస్తుంది. ఆ కార్డు వాళ్ల బీరువాలోకి పోతుంది, ఇంటి ఆడవాళ్లు తీరిగ్గా చూసుకుంటారు. తను తీసిన బొమ్మ ఎలా వచ్చిందో తీసిన మనిషికి మళ్లీ కనబడదు.

ఒకసారి లెక్క వేశాను. రీళ్ల కాలంలో తక్కువ, కార్డుల కాలంలో ఎక్కువ, సరాసరిన పెళ్లికి మూడొందల బొమ్మలు, ఏడాదికి ముప్పై పెళ్లిళ్లు. రాజమండ్రి వచ్చాక ఇరవై ఏడేళ్లకి రెండు లక్షల నలభై మూడు వేలు. అందులో ఆవిడ దగ్గర మిగిలినవి సున్నా. ఆ అంకె చెబితే ఆవిడ సంతోషించారు. బట్టలుతికేవాళ్ల పని ఇంతేగా తమ్ముడుగారూ, ఎవరి బట్టలు వాళ్లింటికి పోతాయి, చేతులు మాత్రం మనకి మిగులుతాయి అన్నారు.

ఆ చేతులతోనే ఆవిడ రెండో పని చేసేవారు. వాళ్ల నాన్నగారు పెళ్లి కార్డుల మీద పైన ఉండే అరబ్బీ వాక్యాన్ని ప్రెస్సులకి రాసిచ్చేవారట. వెదురు పుల్లని ఏటవాలుగా చెక్కి, సిరాలో ముంచి, ఒక గీత సన్నగా ఒక గీత లావుగా వచ్చేట్టు రాసే విద్య. ఆ కలం ఈవిడకి వచ్చింది. పెళ్లి అయిపోయి కార్డు ఇచ్చేసి వచ్చాక, మర్నాడు పొద్దున్నే కూర్చుని, పోయిన బొమ్మల్లో తనకి నచ్చిన ఒకటి రెండింటిని ఆ కలంతో తెలుగులో రాసేవారు. బొమ్మ గీయడం కాదు, రాయడమే. రాసి ఫ్రేము కట్టించడానికి నా దగ్గరకి తెచ్చేవారు.

మొదటిసారి తెచ్చినప్పుడు నేను కాగితం అటూ ఇటూ తిప్పి, ఫోటో మర్చిపోయి కవరు తెచ్చారేమో అన్నాను. ఆవిడ ఎడమ కన్ను మూసి, ఇదేనండి ఫోటో, చదువుకుంటూ చూడండి అన్నారు. చదివాను.

"నలుగురు అక్కచెల్లెళ్లు ఒకే మంచం మీద కూర్చున్నారు. రెండో ఆవిడకీ మూడో ఆవిడకీ మధ్య ఇంకో మనిషి పట్టేంత ఖాళీ. జరగమంటే జరగలేదు. ఆ మనిషి మస్కట్‌లో ఉంది."

అంతే. పది పన్నెండు సైజు కాగితం మీద నాలుగు వరసలు. తలకట్లు పెంకుల్లాగా లావుగా, సున్నాలు గాజుల్లాగా సన్నగా. నేను మామూలుగా అయితే మౌంటుకి రెండంగుళాలు వదులుతాను. దానికి మూడు వదిలాను. ఎందుకో చెప్పలేను, కొలతలో తప్పు మాత్రం కాదు.

అలాంటివి నూట పన్నెండు కట్టాను. ఇంకొకటి గుర్తుంది. "పెళ్లికూతురి మేనత్త. చేతికి ఇరవై మూడు గాజులు. ఇరవై నాలుగోది ఇప్పుడే పగిలింది. ముక్క కాలి కింద దాచి నవ్వుతోంది." ఇంకొకటి, "వంటింటి గుమ్మంలో ముసలామె. తన పెళ్లికి ఎవరూ ఫోటో తియ్యలేదని చెప్పింది. ఇప్పుడు తీస్తానంటే తలుపు వెనక్కి వెళ్లింది. తలుపు బాగా వచ్చింది."

షాపుకొచ్చినవాళ్లు ఆవిడతో మాట్లాడి ఒక మాట తప్పకుండా అనేవారు. మీ తెలుగు చాలా బావుందమ్మా అనేవారు, చిన్నపిల్లకి బిస్కట్టు ఇచ్చినట్టు. ఆవిడ వినయంగా తలవంచి, మరేనండి, చాలా కష్టపడ్డాను, పుట్టిన దగ్గర్నించీ నేర్చుకుంటున్నాను అనేవారు. సగం మంది అభినందించి వెళ్లిపోయేవారు. ఒకాయనైతే, ఉర్దూలోనే రాయొచ్చు కదా, మీది మీకుండాలి అని సలహా ఇచ్చాడు. ఆ గదిలో ఆడవాళ్లు వియ్యపురాళ్లని తిట్టుకున్నది తెలుగులోనండి, నేనెలా మారుస్తాను అని ఆవిడ అడిగారు.

ఆవిడది నరసాపురం. దాన్ని మా దేశం అనేవారు. రాజమండ్రి పరదేశం. భూగోళం పటం మీద ఈ రెండు దేశాల మధ్య ఉన్నది నిడదవోలు జంక్షను. మొత్తం కలిపి రైల్లో మూడు గంటల పైచిలుకు. ఇంత దగ్గర ప్రవాసం ఎక్కడా వినలేదని ఒకసారి ఎగతాళి చేశాను. ఆవిడ నవ్వలేదు. ఆరోజే ఊరు వదిలిన సంగతి చెప్పారు.

భర్తకి నరసాపురంలో స్టూడియో ఉండేదట. ఆయన చిన్న వయసులోనే పోయి కెమెరా మిగిలింది. ఈవిడ దాన్ని పట్టుకుని ఆడవాళ్ల గదుల్లోకి వెళ్లడం మొదలుపెట్టారు. రెండేళ్లు బాగానే సాగింది. అప్పట్లో కార్డులు లేవు, రీలు ల్యాబులో ఇచ్చి కడిగించాలి. ఒక పెళ్లిలో పంతొమ్మిదేళ్ల పెళ్లికూతుర్ని తీసిన బొమ్మ ల్యాబు యజమానికి తెగ నచ్చింది. నచ్చి ఊరుకోకుండా పెద్దది చేసి స్టేషను రోడ్డు వైపు షోకేసులో పెట్టాడు. ఈవిడ పాలకొల్లులో ఇంకో పెళ్లిలో ఉన్నారు. నాలుగు రోజులు ఆ బొమ్మ రోడ్డుకి ఎదురుగా నిలబడింది. ల్యాబు యజమాని ధర్మాత్ముడు, తీసింది ఫలానా అని కింద ఈవిడ పేరు కూడా రాయించాడు. తప్పెవరిదో ఊరు వెతుక్కోవాల్సిన శ్రమ లేకుండా చేశాడు.

అయిదుగురు పెద్దలు కూర్చున్నారు. ల్యాబు యజమానిని ఎవరూ పిలవలేదు, వ్యాపారం వదిలేసి రాలేడు కదా. పెళ్లికూతురి నాన్న ఆ బొమ్మనీ ఆల్బంనీ పెరట్లో పెట్టి కాల్చేశాడు. నెగటివులు ఇచ్చెయ్యమన్నారు. రీలుకి ముప్పై ఆరు బొమ్మలు, ఆరేసి చొప్పున ఆరు ముక్కలుగా కత్తిరించి ఉంటాయి. ఈవిడ ఇచ్చారు. పెద్దలు ఒకటి, రెండు అని ఆరు ముక్కలూ లెక్కపెట్టి తృప్తిపడ్డారు. ముక్కలు లెక్కపెట్టారు గాని బొమ్మలు లెక్కపెట్టలేదు. ఆఖరి ముక్కలో అయిదే ఉన్నాయి.

ఆ తర్వాత పెద్దల్లో ఒకాయన ఈవిడ నాన్నతో, కొన్నాళ్లు మీ అమ్మాయిని కెమెరా పట్టుకుని ఊళ్లో తిరగొద్దనండి అన్నాడు. ఆ వారంలోనే ఈవిడ రాజమండ్రి వచ్చేశారు. నేను ఉండబట్టలేక, కొన్నాళ్లంటే ఎన్నాళ్లో అడగలేదా అన్నాను.

"అడిగితే లెక్క చెప్పేస్తారేమోనని భయమేసిందండి" అన్నారు ఆపాగారు.

ఆ కొన్నాళ్లు ఇరవై ఏడేళ్లయింది. వాళ్ల నాన్నగారు పోయినప్పుడు కూడా ఊరి బయట గోరీల దగ్గరకి వెళ్లి, ఊళ్లోకి రాకుండానే తిరిగొచ్చారట. ఇక ఆ పెళ్లికూతురి సంగతి. ఆ పెళ్లి ఏడాది తిరక్కుండా చెదిరిపోయింది. రోడ్డు మీద వేలాడిన మొహం మాకెందుకన్నారు మగపెళ్లివారు. పుట్టింట్లో నాలుగేళ్లు కూర్చుని ఆ అమ్మాయి ఇంటిపనికి కువైట్ వెళ్లింది. పద్నాలుగేళ్లు అక్కడే. తిరిగొచ్చి నరసాపురంలో లేసు అల్లుకుంటోంది. ఈ వివరాలన్నీ ఆపాగారు ఎవరెవరినో అడిగి పోగుచేసినవే. ఆ అమ్మాయిని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

మరి ఆ ఒక్క నెగటివు ఎందుకు దాచారన్నాను.

"ఊరంతా నాలుగు రోజులు చూసింది తమ్ముడుగారూ. ఇంట్లోంచి బయటికి రానివ్వలేదు గనక ఆ పిల్లొక్కతే చూడలేదు. దానికివ్వాలని."

ఇవ్వడానికి మూడు గంటల రైలు ప్రయాణం చాలని నేను మళ్లీ అనలేదు. కొన్ని లెక్కలు తప్పని చెప్పడం కంటే కట్టేసి పక్కన పెట్టడం మేలు.

కార్యదర్శి గారు ఈ కథలోకి వచ్చింది ఆ తర్వాత. తన సన్మానపత్రం ఫ్రేముకి ఇవ్వడానికి వచ్చి, గోడకి ఆనించిన ఆపాగారి రాతలు చూశారు. రాసిందెవరని అడిగి, ముస్లిం స్త్రీ అని తెలియగానే ఆయన గొంతు మారిపోయింది. అప్పటిదాకా మామూలు మనిషిలా మాట్లాడుతున్న ఆయన మైకు ముందు నిలబడ్డట్టు మాట్లాడటం మొదలుపెట్టారు. ముస్లిం స్త్రీ అస్తిత్వం, ప్రవాసం, ఛాయాచిత్రం, అక్షరం అన్నారు. వారంలో ప్రదర్శన ఖాయం చేశారు. పేరు "నిశ్శబ్ద ముసుగులు". ఆపాగారు విని, నిశ్శబ్దం అని మీకెవరు చెప్పారండి, పెళ్లివారింట్లో ఆడవాళ్ల గది బయట అయిదు నిమిషాలు నిలబడి చూడండి, చెవులు కడుక్కోవాలి అన్నారు. పేరు మారలేదు, ఆహ్వానాలు అప్పటికే అచ్చుకి వెళ్లాయట.

అంతా కుదిరాక కార్యదర్శి గారికి ఒక లోటు కనబడింది. ఛాయాచిత్ర ప్రదర్శనలో ఛాయాచిత్రాలు లేవు. ఆపాగారు నియమం చెప్పారు. ఆయన నొచ్చుకున్నారు. ఒక్కటైనా ఉండాలండి, పెద్దది, మధ్యలో, కళ్లల్లో నీళ్లతో ఉంటే మరీ మంచిది అన్నారు. ఆపాగారు జేబులోంచి యాలక్కాయ తీసి నోట్లో వేసుకున్నారు. ఒకటి ఉంది, కానీ నా షరతు మీద అన్నారు.

షరతు ఇది. ప్రారంభోత్సవం పదిన్నరకి. తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా హాల్లోకి ఆడవాళ్లు మాత్రమే రావాలి. ఆ గంటసేపు బొమ్మ గోడ మీద ఉంటుంది. పదిన్నరకి దాన్ని తీసేసి అదే ఫ్రేములో అదే కొలతకి రాసిన కాగితం పెడతారు. మగవాళ్లు, ముఖ్య అతిథి, పత్రికలవాళ్లు చూసేది రాతనే. ఆ పెళ్లికూతురికి కబురు వెళ్లింది. వస్తుందో రాదో తెలియదు. వస్తే ఏం అంటుందో అసలే తెలియదు. ఆపాగారికి ప్రదర్శన అంటే ఆ గంటే. మిగిలిందంతా కార్యదర్శి గారిది.

ఇరవై ముప్పై సైజు. ఈసారి ప్రింటు వేయించేటప్పుడు ఆపాగారు ల్యాబులో మెషిను పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నారట. ఎన్ని కాగితాలు లోపలికి వెళ్లాయో అన్నీ బయటికి వచ్చేదాకా లేవలేదట. ఫ్రేము నేను కట్టాలి, కానీ నేనూ మగవాణ్ణే. నన్ను షట్టరు వైపు తిరగమని, బొమ్మని తనే మౌంటులో బోర్లా పెట్టి, వెనక హార్డుబోర్డు కప్పి, ఇప్పుడు చూడండి అన్నారు. హార్డుబోర్డు చాలా బావుందండి అన్నాను. మేకులు కొట్టలేదు, విప్పడానికి వీలుగా తిరిగే క్లిప్పులు ఎనిమిది పెట్టాను. బొమ్మ చూడకుండా ఫ్రేము కట్టింది నా జన్మలో అదొక్కటే. లోపల వెంట్రుక పడిందేమో నేను చూడాలి కదా అంటే, పడితే నాదే, ఇప్పుడు నాది తెల్లది, బొమ్మలో పిల్లది నల్లది, తేడా తెలుస్తుంది అన్నారు.

ఆరోజు నేను హాలు మెట్ల మీద సుత్తీ మేకులూ పెట్టుకుని కూర్చున్నాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. తొమ్మిదిన్నర నుంచి ఆడవాళ్లు రావడం మొదలుపెట్టారు. ముప్పై ఎనిమిది మంది లెక్క తేలారు. ఎక్కువమంది ఎప్పుడో ఆపాగారి కెమెరా ముందు కూర్చున్నవాళ్లే. లోపల గోల మొదలైంది. ఇది మా మేనత్తేనే అని ఒకరు, కాదు గాజులు పగిలింది మా పెద్దమ్మవి అని ఇంకొకరు. రాతలు చదివి తమ బొమ్మలు తాము గుర్తుపడుతున్నారు. మస్కట్ చెల్లెలి వాక్యం దగ్గర ఎవరో బిగ్గరగా ఏడ్చి, తర్వాత అంతకంటే బిగ్గరగా నవ్వారు.

పది దాటాక ఒకావిడ ఆటో దిగింది. నలభై ఆరు నలభై ఏడేళ్లు. నల్ల బురఖా, మొహం తెరిచే ఉంది, చేతిలో ప్లాస్టిక్ బుట్ట. నరసాపురం నుంచి వస్తున్నానండి, ఇదేనా హాలు అని నన్నే అడిగి లోపలికి వెళ్లింది. లోపల గోల ఒక్కసారిగా తగ్గిపోయింది. ఆ తర్వాత ఆ కొత్త గొంతు వినబడింది.

"అప్పుడు నేను ఇంత లావుగా ఉన్నానా ఆపా?"

ఎవరో ఒకరిద్దరు నవ్వారు. ఆపాగారి మాట కోసం నేను చెవి తలుపుకి ఆనించానని ఒప్పుకోవాలి. లావు కాదమ్మా, నోట్లో లడ్డూ ఉంది అన్నారు. బొమ్మలో ఏముందో నాకు తెలిసింది అప్పుడే. గోరింటాకు ఆరని రెండు చేతులూ పైకి ఎత్తి పట్టుకుని ఉంటే, ఎవరో లడ్డూ నోట్లో కుక్కారట. నిండిన బుగ్గలతో నవ్వు ఆపుకోలేక నవ్వుతున్న పిల్ల. ఒక ఊరి పరువు తీసిన బొమ్మ అది.

పది ఇరవై అయిదుకి కార్యదర్శి గారు ముఖ్య అతిథితో మెట్ల కిందకి వచ్చారు. లోపల క్లిప్పుల చప్పుడైంది. ఎనిమిదిలో మూడు తిరిగాయి. నాలుగోది తిరగలేదు.

"ఎందుకు తీస్తున్నారు?" అంది ఆవిడ.

మగవాళ్లొస్తారమ్మా అన్నారు ఆపాగారు. వస్తే ఏంటంది. మళ్లీ నీ మొహం నలుగురి నోళ్లలో నానడం నాకిష్టం లేదు, ఆ పాపం ఒకసారి మోశాను, చాలు అన్నారు. ఆపాగారి గొంతు అంత సన్నగా నేనెప్పుడూ వినలేదు.

"అప్పుడు ల్యాబువాడు నన్ను అడక్కుండా పెట్టాడు. మా నాన్న నన్ను అడక్కుండా కాల్చాడు. ఇప్పుడు మీరు నన్ను అడక్కుండా దాస్తున్నారు. ముగ్గురిలో ఎవరికి నేను దణ్ణం పెట్టాలో చెప్పండి ఆపా."

లోపల కుర్చీ లాగిన చప్పుడైంది. ఆపాగారు కూర్చున్నారనుకుంటాను. ఆవిడ దాచినది ఇరవై ఏడేళ్లు. రాసినవి నూట పన్నెండు. రక్షించాననుకున్న మనిషిని ఇన్నాళ్లలో ఒక్క ప్రశ్న అడగలేదు.

"అయితే ఇప్పుడు అడుగుతున్నాను. ఉంచనా, తియ్యనా?"

అడిగాక తొందరేముంది. ఆవిడ బుట్టలోంచి నీళ్ల సీసా తీసి తాగినట్టుంది, మూత చప్పుడైంది. మెట్ల కింద ముఖ్య అతిథి వాచీ చూసుకుంటున్నారు.

"ఉంచండి" అంది.

తిరిగిన మూడు క్లిప్పులూ మళ్లీ వెనక్కి తిరిగాయి. తలుపు తెరుచుకుంది.

ముఖ్య అతిథి హైదరాబాదు నుంచి వచ్చిన కళావిమర్శకుడు. ముందుగా రాతల దగ్గర నిలబడి, కళ్లు సగం మూసి, ఈ అరబ్బీ అక్షరాలు మనకి అర్థం కాకపోయినా వాటి ఆర్తి మనల్ని తాకుతుంది అన్నారు. కార్యదర్శి గారు ఆయన చెవిలో అవి తెలుగని చెప్పారు. ఆయన ఏమీ తడబడలేదు, అదే నేనంటున్నాను అన్నారు. తర్వాత పెద్ద బొమ్మ ముందుకి నడిచారు. కార్యదర్శి గారి మొహంలో నిరాశ స్పష్టంగా కనబడింది. కన్నీళ్లకి బదులు లడ్డూ. ఏవండీ ఇందులో వేదన ఎక్కడుందని ఆపాగారిని మెల్లగా అడిగారు. అరిగిపోయిందండి అన్నారు ఆపాగారు. విమర్శకుడు మాత్రం గట్టివాడు. ఈ నవ్వు వెనక ఎంత విషాదం ఉందో చూడండి, ఈ స్త్రీ ఇప్పుడు ఎక్కడుందో, అసలు ఉందో లేదో అంటూ పదకొండు నిమిషాలు మాట్లాడారు.

ఆవిడ బొమ్మ పక్కనే నిలబడి ఉంది. బుట్ట పట్టుకుని, తల కాస్త వంచి, తన గురించి శ్రద్ధగా వింటోంది. పత్రికలవాళ్లు ఫోటోకి సర్దుకుంటుండగా కార్యదర్శి గారు ఆవిడ వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అన్నారు.

"కొంచెం పక్కకి జరుగుతారా అమ్మా, బొమ్మకి అడ్డొస్తున్నారు."

ఆవిడ రెండడుగులు జరిగింది. వాళ్లు బొమ్మ ముందు వరసగా నిలబడి ఫోటో దిగారు. ఏడుగురు మగవాళ్లు, వాళ్ల వెనక ఆ పిల్ల నిండిన బుగ్గలు, ఎత్తిన చేతులు.

ఇవతల ఆవిడా ఆపాగారూ ఒకరినొకరు చూసుకున్నారు. నవ్వు ఆపుకోవడానికి ఆపాగారు బురఖా అంచు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ ఆ ప్రయత్నం కూడా చేయలేదు. నవ్వు తగ్గాక, మధ్యాహ్నం నాకు రైలుంది ఆపా, మీరూ వచ్చెయ్యండి అంది. ఆపాగారు నేల చూస్తూ, ఊళ్లోకి నేను రావచ్చంటావా అన్నారు.

"ఇన్నాళ్లూ మీరు ఎవర్నడిగి ఆగిపోయారు?" అంది ఆవిడ.

అయిదుగురు పెద్దల్లో నలుగురు పోయారు. అయిదో ఆయనకి మతి లేదు. ల్యాబు మూతపడి అందులో సెల్ ఫోన్ల షాపు వచ్చింది. ఆవిణ్ణి ఆపడానికి ఆ ఊళ్లో ఎవరూ మిగల్లేదు.

స్టేషనుకి నేనే తీసుకెళ్లాను. ఆవిడ దగ్గర తన టికెట్టు ఉంది. ఆపాగారికి కొనడానికి కిటికీ దగ్గర నిలబడి, రానూ పోనూ తియ్యమంటారా అని అడిగాను. ఆపాగారు ఎడమ కన్ను కాస్త మూశారు.

"పోవడానికి తియ్యండి తమ్ముడుగారూ. రావడం సంగతి, అక్కడెవరైనా పొమ్మన్నప్పుడు చూద్దాం."